ఒడ్డున పడవ ఉండడం కూడా హక్కే

(విజయవాడలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విపత్తులు, స్త్రీల హక్కులు అన్న అంశం మీద మాట్లాడమని నన్ను అడిగారు. అంశం చాలా పెద్దది. నేను దాన్ని బాగా కుదించుకుని ఒక్క పడవ గురించే మాట్లాడదామనుకుంటున్నాను. ఇన్నేళ్ళుగా మనం భూమి గురించి మాట్లాడాం, కూలి గురించి, కట్నం గురించి, సారా గురించి మాట్లాడాం. పడవ గురించి మాట్లాడిన గుర్తు నాకు లేదు. మునిగిపోయేటప్పుడు చెయ్యి అందించేదెవరు, ఆ చెయ్యి వెనక ఏ ఇల్లు ఉంది, ఆ ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగిందా లేదా అన్నది మన చర్చల్లోకి రాలేదు. తప్పు మనందరిదీనూ. పడవ వాళ్ళింట్లో పుట్టిన నాది మరీనూ.

మాది దివిసీమలో ఒక లంక. పల్లెకారుల కుటుంబం. మా నాన్న రాత్రుళ్ళు వల, పగటిపూట కొన్నాళ్ళు రేవు పడవ వేసేవాడు. మా అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. మా రేవులో రాతపూర్వకంగా లేని కట్టుబాటు ఒకటుండేది. పడవలన్నీ వేటకు పోయినా సరే ఒకటి ఒడ్డున ఉండాలి. దాని తెడ్లు ఇంటికి తీసుకుపోకూడదు, పడవలోనే వదిలెయ్యాలి. గడ కూడా అంతే. రాత్రి ఏ వేళప్పుడైనా ఏటి మీద నుంచి కేక వినబడితే, దగ్గరగా ఉన్నవాడెవడైనా ఆ పడవ తోసుకుని పోవాలి. కేకేసింది ఎవరు, ఏ కులం, మనతో మాటలున్నాయా లేవా అని అడగడానికి లేదు. ఒడ్డున ఆగిపోయిన పడవకు ఆ రోజు వేటలో వాటా ఉండేది. ఎంతో కాదు, కూర మందం చేపలు. కానీ ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే అదొక ప్రాణరక్షణ వ్యవస్థ అని అర్థమవుతోంది. అప్పుడు దానికి మేం పేరేమీ పెట్టుకోలేదు.

అందులో ఆడవాళ్ళ పని కూడా ఉండేది. పడవ వెళ్ళగానే మా అమ్మ, పక్కింటి పిన్ని లాంతరు పట్టుకుని కరకట్ట మీద నిలబడేవాళ్ళు. చీకట్లో తిరిగొచ్చే పడవకు రేవెక్కడుందో తెలియాలి గదా! గాలికి దీపం ఆరిపోకుండా కొంగు అడ్డం పెట్టి గంటల తరబడి నిలబడడం నేను చూశాను. ఇంట్లో కుంపటి రాజేసి, గంజి కాచి, పొడి బట్టలు తీసి పెట్టేవాళ్ళు. వచ్చినవాడు బతికుంటే ఆ బట్టలు వాడికి. చచ్చిపోయి వస్తే శవం మీద కప్పడానికి. ఏదైనా ఆ చీర తిరిగి రాదు. మా అమ్మ దగ్గర ఎప్పుడూ రెండో చీర ఉండేది కాదెందుకో నాకు పెద్దయ్యాక తెలిసింది.

సముద్రం దాకా పోనక్కర్లేదు. డెల్టా లోపలి ఊళ్ళల్లోనూ, కొల్లేటి చుట్టుపట్లా తాటి దోనెలుండేవి. ముదురు తాటిచెట్టు మొదలును తొలిచి దోనె చేసేవాళ్ళు. రెండు దోనెల్ని పక్కపక్కన పెట్టి అడ్డకర్రలు కడితే సంగడి. అది బోల్తాపడదు. పడవ నడపడం పెద్దగా రానివాళ్ళు కూడా గడతో తోసుకుపోవచ్చు. కాలవ దాటడానికి, గడ్డి మోసుకురావడానికి, వరదొస్తే ముసలివాళ్ళనీ పసిపిల్లల్నీ ఎక్కించి మెరకకు చేర్చడానికి అదే. చూరుకింద సంగడి ఉన్న ఇల్లు వరదకు అంతగా బెదరదు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. నేను చిన్నపిల్లని. ఆ రాత్రి గురించి ఎక్కువ చెప్పను. ఇక్కడున్న పెద్దవాళ్ళకు తెలుసు, చిన్నవాళ్ళు అవనిగడ్డలోనో నాగాయలంకలోనో ఎవరినడిగినా చెబుతారు. సుమారు 5 మీటర్ల ఎత్తున నీళ్ళు మైళ్ళ కొద్దీ లోపలికి వచ్చేశాయి. చచ్చిపోయినవాళ్ళు సర్కారు లెక్కలోనే పదివేల దగ్గర ఉన్నారు. మా వాళ్ళెవరూ ఆ లెక్కను నమ్మరు, అంతకంటే ఎక్కువేనంటారు. ఆ రాత్రి ఏ పడవా ఎవరినీ కాపాడలేదు. పడవలే తాటిచెట్ల మీదికెక్కి కూర్చున్నాయి. కానీ తెల్లవారాక, బయటి సాయం రాకముందు, మిగిలిన నాలుగు చెక్కల్ని తాళ్ళతో బిగించి, చెట్ల మీదున్నవాళ్ళను దించింది మా వాళ్ళే. అప్పటికి విపత్తు దళాలు లేవు. తీర రక్షక దళం చట్టబద్ధంగా ఏర్పడింది 1978లో. 1864 నవంబరు 1న బందరులో సుమారు 30 వేల మందిని మింగిన ఉప్పెన నాడు ఏ దిక్కుందో, 113 ఏళ్ళ తర్వాత కూడా దాదాపు అదే దిక్కు.

మేమంతా చెప్పుకోడానికి ఇష్టపడని సంగతి ఒకటుంది. మా నాన్న ఏరు ఈదగలడు. మా అన్నలు ఈదగలరు. మా అమ్మకు ఈత రాదు. నాకూ రాదు. ఏటి ఒడ్డున పుట్టి, ఏటి మీద బతికి, ఈత రాని ఆడవాళ్ళం మేం. ఆడపిల్ల నీళ్ళలో దిగి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటే సిగ్గుమాలిందనేవాళ్ళు. ఉప్పెనలో చీర కాళ్ళకు చుట్టుకుని కొందరు పోయారు. తుమ్మముళ్ళకు జుట్టు చిక్కుకుని కొందరు పోయారు. చంకలో ఒకర్ని, వీపున ఒకర్ని పెట్టుకుని చెట్టెక్కలేక చాలామంది పోయారు. ఇది మా ఒక్క చోటే అనుకోకండి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత ఆక్స్‌ఫామ్ సంస్థ లెక్క తీస్తే, తమిళనాడులోని కడలూరు జిల్లాలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా చనిపోయారని తేలింది. నీళ్ళకు ఆడా మగా తేడా తెలియదు. ఆ తేడా నేర్పింది మనం.

ఇంతకీ ఈ పడవ సంప్రదాయం ఇప్పుడెక్కడుంది? పోయింది. పూర్తిగా పోలేదు గానీ, పోతోంది. ఒక్క దెబ్బతో పోలేదు కాబట్టి ఎవరూ గోల చెయ్యలేదు.

పాత కాలంలో మద్రాసులో రేవు కట్టకముందు ఓడలు దూరంగా ఆగేవి. అక్కణ్ణించి మనుషుల్ని, సరుకుల్ని అలల మీదుగా ఒడ్డుకు చేర్చింది మసూలా పడవలు. ఇనుప మేకు ఒక్కటి కొట్టకుండా, పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టిన పడవలవి. అల కొట్టినా విరగకుండా వంగుతాయి. మచిలీపట్నం మీదుగానే ఆ పేరు వచ్చిందని కొందరంటారు. సముద్రం పోటు మీదున్నప్పుడు ఆ పడవ పక్కనే తెప్పలు వెళ్ళేవి. పడవ తిరగబడితే మనుషుల్ని ఏరుకోవడం తెప్పవాళ్ళ పని. ప్రాణాలు కాపాడినవాళ్ళకు తెల్లదొరలు పతకాలిచ్చేవాళ్ళు. పతకం ఇచ్చారు గానీ, రేవు కట్టగానే వాళ్ళ అవసరం తీరిపోయింది. పతకం, ఆ తర్వాత మరుపు. ఈ వరస అప్పటినుంచీ మారలేదు.

మన దగ్గర మొదట వంతెనలొచ్చాయి. వంతెన వద్దని నేననను. పురుటి నొప్పులతో ఉన్న కోడల్ని రాత్రివేళ పడవలో దాటించిన ఇంటిదాన్ని, నేనెలా అంటాను? ఎదురుమొండి దీవి జనం దశాబ్దాల తరబడి వంతెన కోసం అడుగుతూ వచ్చారంటే ఊరికే అడగలేదు. కానీ పులిగడ్డకూ పెనుమూడికీ మధ్య వంతెన పడిన రోజున రేవు మూతబడింది, రేవుతో పాటు రేవు పడవ, పడవతో పాటు రాత్రి ఒడ్డున మేలుకుని ఉండే మనిషీ పోయారు. ఆ మనిషి చేసిన రెండో పని వంతెన చెయ్యదు.

తర్వాత రొయ్యల చెరువులు. 80ల చివర, 90లలో కాలవలూ మొగలూ కట్టలు వేసి మూసేశారు. పడవ దాచుకునే చోటు, పడవ తిరిగే దారి చెరువు యజమాని గేటు వెనక్కి పోయింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర మండలంలో రొయ్యల చెరువులకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. సంతోషించాం. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి చెరువులకు చట్టబద్ధత ఏర్పడింది. ఆ చెరువుల మీద ఇవాళ మా ఆడపిల్లలే రొయ్యల తలలు తీసే కూలికి పోతున్నారు.

చెక్క నావలు పోయి ఫైబరు బోట్లు, ఇంజన్లు వచ్చాయి. మంచిదే, తేలికగా ఉంటాయి, వేగంగా పోతాయి. కానీ చెక్క నావ అప్పు లేనిది. ఫైబరు బోటు వ్యాపారి అడ్వాన్సు మీద తేలుతుంది. అప్పున్న పడవ ఒక రోజు ఒడ్డున ఊరకే ఉంటే ఎలా కుదురుతుంది? అందుకని ఒడ్డున ఒకటి ఆగాలన్న కట్టుబాటు పోయింది, వాటా పోయింది. ఇక తాటి దోనె తొలిచే చేతులు ఎన్ని మిగిలాయో మీరే మీ ఊళ్ళో లెక్కపెట్టండి.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని కాదు. తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు మెరుగుపడ్డాయి. 1990 మే 9న మన తీరానికే తుఫాను వస్తే లక్షకు పైగా జనాన్ని ముందుగా తరలించారు. 1977తో పోలిస్తే ప్రాణనష్టం పదోవంతుకు దగ్గరగా తగ్గింది. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. ఎన్.డి.ఆర్.ఎఫ్. పదో బెటాలియన్ మన కొండపావులూరులోనే ఉంది. వాళ్ళు శిక్షణ ఉన్నవాళ్ళు, నాకు గౌరవం ఉంది. అయితే వాళ్ళు వచ్చేదాకా గడిచే మొదటి గంటలు ఎవరివి?

2017 నవంబరు 12, కార్తీక ఆదివారం. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పర్యాటకుల బోటు తిరగబడింది. ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్ళు. ఇరవై మందికి పైగా పోయారు. మొదట చేరుకుని కొందరినైనా లాగింది అక్కడి జాలర్లు. 2019 సెప్టెంబరు 15, గోదావరి మీద కచ్చులూరు. రాయల్ వశిష్ఠ బోటులో 77 మంది. 26 మంది బతికారు. వాళ్ళను నాటు పడవల్లో వచ్చి తీసింది తూటుగుంట గ్రామస్తులు. మునిగిన బోటును తర్వాత కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం మోకులతో, లంగర్లతో అక్టోబరు 22న పైకి లాగింది. ఆయన పనితనాన్ని తక్కువ చెయ్యను. నేననేది ఇది: మునిగిన ఇనుమును తీయడానికి కాంట్రాక్టు ఉంటుంది, రేటు ఉంటుంది, కాగితం ఉంటుంది. మునుగుతున్న మనిషిని తీసినదానికి చప్పట్లుంటాయి.

ఇక నా సంగతి. నేనిప్పుడు విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఉంటున్నాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా ఇంట్లోకి వచ్చింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు, అంత ఎప్పుడూ రాలేదు. ఇసుక మోసే పెద్ద ఇనుప పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీకి గుద్దుకున్నాయని మీరంతా పేపర్లో చదివారు. కృష్ణలో పడవలకేం కొదవ లేదన్నమాట, ఇసుక కోసమైతే!

మేం మేడమీద ఉన్నాం. మొత్తం పందొమ్మిది మందిమి, అందులో పదకొండుమంది ఆడవాళ్ళం. ఒకమ్మాయికి ఎనిమిదో నెల. ఇద్దరికి నెలసరి. మరుగుదొడ్డి కింద నీళ్ళల్లో ఉంది. మేడమీద ఒక మూల చీర కట్టి, చీకటి పడేదాకా ఆగి, అందరం అక్కడికే. తాగే నీళ్ళు ఉన్నా ఆడవాళ్ళు తాగలేదు, మళ్ళీ ఆ మూలకు పోవాలి గనక. డ్రోన్లు పైనుంచి ఆహార పొట్లాలు వేశాయి. అద్భుతంగానే ఉంది. కానీ డ్రోను ఎనిమిదో నెల గర్భిణిని దించలేదు. పెద్ద పడవలు మెయిన్ రోడ్డు దాకా వచ్చి ఆగాయి, మా సందులోకి రాలేవు. ఒక ప్రైవేటు పడవవాడు వచ్చి మనిషికింతని డబ్బడిగాడు, అదీ చెప్పాలి. పడవున్న ప్రతివాడూ దేవుడేమీ కాదు.

రెండో రోజు సాయంత్రం ఒక చిన్న ఫైబరు బోటు సందులోకి వచ్చింది. ఇంజను ఎత్తేసి, గడతో గోడల్ని నెట్టుకుంటూ వస్తున్నారు. "అమ్మాయ్, పిల్లల తల్లుల్ని ముందు దింపండి" అని కేకేశాడొకాయన. ఆ యాస విని నాకు ఏడుపొచ్చింది. మా దివి యాస. "ఏ ఊరు బాబాయ్?" అంటే చెప్పాడు, మా రేవుకు ఆరు మైళ్ళు. బోటును లారీ మీద ఎక్కించి తెచ్చారట. నేను ఊరు విడిచిపెట్టి ముప్పై ఏళ్ళయింది. ఏటి మీద కేక వినబడితే ఎవరని అడక్కుండా వచ్చే పడవ, నన్ను వెతుక్కుంటూ బెజవాడ మేడ దగ్గరకొచ్చింది.

నెలన్నర తర్వాత ఆ ఊరు వెళ్ళాను. కృతజ్ఞత చెప్పి వద్దామనే వెళ్ళాను. ఆయన వేటకు పోయాడు. ఇంట్లో ఆయన భార్య ఉంది. మాటల మధ్య లెక్క చెప్పింది. నీళ్ళల్లో మునిగిన మోటారు సైకిలు తగిలి ఇంజను పంకా విరిగింది. బోటు అడుగు ఒక కాంపౌండు గోడ ఇనుప ఊచకు చీలింది. అయిదు రోజులు వేట పోయింది. పంకా కొనడానికి చెవుల కమ్మలు తాకట్టు పెట్టింది. చేతికేమైనా ఇచ్చారా అంటే, "ఇచ్చారంట వదినా, ఎవురికెంతో ఏ లెక్కో మాకు తెల్దు. అడగాలంటే కాయితం చూపించమన్నారు. పడవ తీస్కెళ్ళేటప్పుడు కాయితం ఎవురిచ్చారు?" అంది. అడిగిన కార్యాలయం పేరు నేనిక్కడ చెప్పను, అది ఒక్క కార్యాలయం జబ్బు కాదు. "మీ ఆయన్ని వెళ్ళొద్దనలేదా?" అన్నాను. ఆమె నావైపు వింతగా చూసింది. "మునిగేటోళ్ళున్నారంటే ఎల్లొద్దని ఎట్టా అంటాం?" అంది.

ఈ ఒక్క మాట వల్లే ప్రభుత్వాలకు ఈ సేవ ఉచితంగా దొరుకుతోంది. మన ఇంటిపనిలాగే. ప్రేమతో చేస్తారు కాబట్టి వెల కట్టనక్కర్లేదని ఆడవాళ్ళ పనికి చెప్పిన వాదమే పడవకూ చెబుతున్నారు. ఈ మాట మనకు బాగా అర్థం కావాలి, ఎందుకంటే ఆ వాదాన్ని ఎదుర్కోవడం మనకు కొత్త కాదు.

మరి చట్టంలో ఏముంది? 2005 విపత్తు నిర్వహణ చట్టం తీసి చదివాను. 65వ సెక్షను ప్రకారం, సహాయ చర్యలకు అవసరమైతే అధికారులు వాహనాలను స్వాధీనం చేసుకోవచ్చు. వాహనం అంటే యంత్రంతో నడిచేదే కానక్కర్లేదు, రవాణాకు పనికొచ్చేది ఏదైనా సరే. అంటే మన పడవ అందులోకి వస్తుంది. 66వ సెక్షను ప్రకారం, అలా తీసుకున్నదానికి ఆ ప్రాంతంలో నడిచే కిరాయి రేట్లను బట్టి యజమానికి పరిహారం ఇవ్వాలి. ఇవ్వవచ్చు అని కాదు, ఇవ్వాలి అని ఉంది. మరి చిక్కెక్కడ? ఆర్డరు కాగితం ఉంటేనే స్వాధీనం. ఫోను చేసి, "రేపు పొద్దున్నే బోట్లు లారీ ఎక్కించండయ్యా" అంటే అది స్వాధీనం కాదు, సేవ. ఆ ఒక్క కాగితం ముక్క లేకపోవడం వల్ల చట్టంలోని హక్కు రేవు దాకా రావడం లేదు.

కాగితం లేకపోవడం మనిషి పోయినప్పుడు ఇంకా ఘోరం. 1996 నవంబరు 6 తుఫాను తర్వాత నేను కొంతకాలం కోనసీమ తీరంలో తిరిగాను. వెయ్యి మందికి పైగా పోయిన తుఫాను అది. సముద్రం మీద ఉండి తిరిగి రాని మత్స్యకారులు వందల్లో ఉన్నారు. ఒకామె భర్త గాలి మొదలవగానే ఒడ్డుకు చేరాడు. తమ్ముడి నావ రాలేదని మళ్ళీ వెళ్ళాడు. ఇద్దరూ రాలేదు. శవం లేదు కాబట్టి చనిపోయినట్టు రాయలేమన్నారట. ఏడేళ్ళు ఆగమన్నారట. ఆ ఏడేళ్ళు ఆమె బొట్టు తియ్యాలో ఉంచాలో తెలియలేదు. అత్తింటివాళ్ళు ఆమెను విధవ కింద లెక్కగట్టి ఇంట్లోంచి పంపారు. సర్కారు మాత్రం విధవ కాదు పొమ్మంది. ఏడేళ్ళ నిబంధన సాక్ష్యాధారాల పాత చట్టంలో 108వ సెక్షను. 2023లో వచ్చిన కొత్త చట్టంలో అది 111. మారింది నెంబరే. అయితే తలచుకుంటే దారి ఉంది. 2021 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లోని చమోలీలో వరదకు కొట్టుకుపోయినవాళ్ళ విషయంలో, ఏడేళ్ళు ఆగకుండా మరణ ధ్రువపత్రాలు ఇవ్వడానికి కేంద్రం అనుమతించింది. కొండల్లో వీలైంది సముద్రం మీద ఎందుకు వీలుకాదు? మన దివిసీమ భార్యకు కూడా ఈ ప్రశ్న రేపు ఎదురవుతుంది. రక్షించడానికి వెళ్ళి రానివాడు ఏ లెక్కలో పోయినట్టు? వేటలోనా, డ్యూటీలోనా? డ్యూటీ అని ఎవరు రాస్తారు?

ఇంకొకటి. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాణ్ణి ఆసుపత్రికి చేరిస్తే పోలీసులు వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షనుగా అది చేరింది. చాలా మంచి పని. కానీ అది మోటారు వాహన ప్రమాదానికే. ఏట్లోంచి మనిషిని తీసినవాడి గురించి అందులో మాట లేదు. మా వాళ్ళు శవం కనబడితే తీయడానికి జంకే రోజులొచ్చాయి. తీస్తే రెండు రోజులు స్టేషను చుట్టూ తిరగాలి, వేట పోతుంది. పుష్కరాలకు మాత్రం గజ ఈతగాళ్ళు కావాలి, ఘాటుకింతమందని కావాలి. 2016లో పన్నెండు రోజులు కావాల్సి వచ్చారు. పదమూడో రోజు నుంచి వాళ్ళెవరో ఎవరికి గుర్తు?

పరాయి దేశంలో ఇది ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి. ఇంగ్లండు తీరంలో లైఫ్‌బోటు సంస్థ 1824 నుంచీ ఉంది. మొదట్లో అందులో ఎక్కింది మత్స్యకారులే, జీతం లేకుండా. ఆడవాళ్ళను పడవ ఎక్కనిచ్చేవాళ్ళు కాదు గానీ, బరువైన ఆ పడవను ఇసుక మీద తాళ్ళేసి నీళ్ళలోకి లాగే పని చాలా ఊళ్ళలో ఆడవాళ్ళదే. 1861 జనవరి 1న కల్లర్‌కోట్స్ అనే పల్లెలో తుఫానులో పడవను అలల్లోకి దించలేకపోతే, ఆడవాళ్ళు కూడా పూని దాన్ని సుమారు మూడు మైళ్ళు ఒడ్డు వెంట లాక్కెళ్ళారు. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మ లాంతరు గుర్తొచ్చింది. అక్కడా చేపల పని తగ్గిపోయింది. ఇవాళ ఆ సిబ్బందిలో చాలామంది సముద్రం మీద బతికేవాళ్ళు కారు. అయినా సేవ ఆగలేదు. శిక్షణ ఇచ్చారు, మంచి పడవ ఇచ్చారు, గాయపడితే చూసుకునే ఏర్పాటు చేశారు, ఆడవాళ్ళను కూడా ఎక్కించుకున్నారు. సంప్రదాయం పోయే చోట ఒక వ్యవస్థను నిలబెట్టారు. మన దగ్గర సంప్రదాయం పోయాక మిగిలేది ఖాళీ ఒడ్డు.

అంత దూరమెందుకు, కేరళ చూడండి. 2018 ఆగస్టు వరదల్లో అక్కడి మత్స్యకారులు తమ పడవల్ని లారీల మీద తెచ్చి వేల మందిని బయటికి తీశారు. ఆడవాళ్ళు పడవెక్కలేకపోతుంటే ఒకాయన నీళ్ళలో వంగి తన వీపును మెట్టు చేశాడు, ఆ వీడియో మీరు చూసే ఉంటారు. ప్రభుత్వం పడవకు రోజుకు 3 వేల రూపాయలు, ఇంధనం, దెబ్బతిన్నవాటికి మరమ్మతు ఖర్చు ప్రకటించింది. కొందరు డబ్బు వద్దన్నారు. వద్దనే హక్కు వాళ్ళకుంది. ముందు ఇస్తామనాలి గదా!

నేను మా వాళ్ళను ఆకాశానికెత్తడం లేదు. మా రేవులో కులం అడగకూడదన్న కట్టుబాటుండేదన్నాను. నిజమే, మునిగేవాణ్ణి అడగలేదు. కానీ ఒడ్డు చేరాక గంజి పోసే ముంత దగ్గర అడిగారు. మడ అడవుల్లో పీతలు పట్టుకునే యానాది కుటుంబాల దగ్గరికి పడవ ఆఖర్న పోయేది. 2005 చట్టం 61వ సెక్షనులో సహాయంలో స్త్రీ పురుష, కుల, మత భేదం చూపరాదని ఉంది. ఏ పడవ ఏ పేటకు ముందు పోతుందో నిర్ణయించేటప్పుడు ఆ పేట ఆడవాళ్ళు అక్కడ ఉండాలి. 2005లో చట్టం చేసినప్పుడు 12వ సెక్షనులో కనీస సహాయ ప్రమాణాల కింద వితంతువులకూ అనాథలకూ ప్రత్యేక ఏర్పాట్లు చెయ్యాలని రాశారు. ఆ ప్రమాణాలు మన జిల్లాలో ఏ కాగితం మీద ఉన్నాయో అడగడం మన పని.

కేంద్రం 2016లో ఆపద మిత్ర అని ఒక పథకం మొదలుపెట్టి, 2021లో 350 జిల్లాలకు పెంచింది. వాలంటీర్లకు శిక్షణ, సామగ్రి, బీమా ఇవ్వాలని అందులో ఉంది. దాన్ని ఎందుకు రేవులోకి తీసుకురాకూడదు? ఎంపికలో మత్స్యకార స్త్రీలను, ఈత నేర్చిన ఆడపిల్లలను ఎందుకు అడగకూడదు? ఈత నేర్పడం గురించి నేను రెండు చోట్ల మాట్లాడితే, ఆడపిల్లలకు ఏ బట్టలు అన్న ప్రశ్న దగ్గరే సభ ఆగిపోయింది. ఆగిపోనివ్వండి. ఆ ప్రశ్న దగ్గర మళ్ళీ మొదలుపెడదాం. నాకిప్పుడు యాభై దాటాయి, నేనే ముందు నేర్చుకుంటానని మా సంఘంలో చెప్పాను. నవ్వారు. మొన్నటి నుంచి ఇద్దరు వస్తున్నారు.

ఇక ఈ రోజు మనం వెళ్ళేముందు ఒక పని ఒప్పుకోవాలని కోరుతున్నాను. తీర మండలాల నుంచి, కొల్లేటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మీ ఊళ్ళో ఎన్ని పడవలు, ఎన్ని దోనెలు, ఎవరి పేరు మీద, ఎంత అప్పు మీద ఉన్నాయో రాసుకోండి. గత పదేళ్ళలో ఆ పడవలు ఎవరి పిలుపు మీద ఎక్కడికెళ్ళాయో, ఏం నష్టపోయాయో ఆ ఇంటి ఆడవాళ్ళను అడిగి రాయండి. మగవాళ్ళు చెప్పరు, "అదెంత, పోనీలే" అంటారు. కమ్మలు ఎక్కడున్నాయో ఆడవాళ్ళకు తెలుసు. తెలుగులో ఒక పేజీ నమూనా ఫారం తయారుచేసి తెచ్చాను, వెనక బల్ల మీద ఉంది. పైన పడవ నెంబరు, కింద తీసుకువెళ్ళే అధికారి సంతకానికి చోటు, తేదీ, గంట. ఈసారి ఫోను వచ్చినప్పుడు పడవ లారీ ఎక్కడానికి ముందు ఆ సంతకం పడాలి. దాన్ని కలెక్టరుగారికి కూడా ఇద్దాం.

ఫారంలో "యజమాని" అన్న చోట రెండు గీతలు పెట్టాను. రెండోది ఆయన భార్య పేరుకు. ఆ ఊరు మళ్ళీ వెళ్ళి ఆమెకు చూపించాను. చదివించుకుని విని, "రెండు పేర్లెందుకు వదినా, అప్పు కాయితంలో నా ఏలిముద్ర ఎటూ ఉంది గందా" అంది.